సొంతంగా తయారుచేసుకున్న కారుకూ పరీక్ష పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

పాత సామాన్లతో ఒక కుర్రాడు కారు తయారుచేశాడనో, కాలేజీ పిల్లలు జీపు చేశారనో మీ జిల్లా పేజీల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. ఫొటోలో కుర్రాడు స్టీరింగ్ పట్టుకుని నవ్వుతుంటాడు, వెనక ఊరి పెద్దలు నిలబడి ఉంటారు. ఆ తర్వాత ఆ బండి ఏమైందో ఎవరూ రాయరు. దానికి నంబరు రాదు. నంబరు లేదు కాబట్టి ఇన్సూరెన్సు రాదు. రోడ్డెక్కితే సీజ్ చేస్తారు. చివరికి ఏ రేకుల షెడ్డులోనో పడి ఉంటుంది, లేదంటే తుక్కు కిందకి పోతుంది. ఆ సంగతి రాయాలనే ఈ ఉత్తరం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో చిన్నప్పుడే లారీ మెకానిక్ పనిలో చేరి, తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నవాణ్ణి. ఇప్పుడు షెడ్డు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నా దగ్గర పని నేర్చుకున్న ఒక కుర్రాడు మారుతీ 800 సామానుతో ఇద్దరు కూర్చునే చిన్న కారు తయారుచేశాడు. తుక్కుకి వెళ్లబోయే బండిని కొని, 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ విప్పి, బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేశాడు. చాసిస్ మాత్రం సొంతం. ఇనప ట్యూబులు కోసి, వంచి, వెల్డింగ్ చేసి ఫ్రేమ్ కట్టాడు. మారుతీలో ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసి ఒకటే సెట్టుగా ముందు ఉంటాయి. వాడు ఆ సెట్టు మొత్తాన్ని వెనక్కి మార్చి వెనక చక్రాలకు డ్రైవ్ ఇచ్చాడు.

ఇందులో ఒక మెలిక ఉంది. ముందు చక్రాల సామాను యథాతథంగా వెనక్కి తెస్తే, స్టీరింగ్‌తో పాటు తిరగడానికి చేసిన చక్రాలు వెనక్కి వచ్చాయన్నమాట. వెనక చక్రాలు అలా తిరగకూడదు కదా. అందుకని స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే టై రాడ్లను ఫ్రేముకు బిగించేశాడు. ఆ రాడ్డు పట్టుకున్న బ్రాకెట్టు వెల్డింగ్ ఊడిందంటే నడుస్తున్న బండిలో వెనక చక్రం ఒక పక్కకి తిరిగిపోతుంది. మనిషి బతకడు. నేను చూసి, ఆ వెల్డింగ్ గ్రైండ్ చేయించి మళ్లీ వేయించాను, మూలల్లో దళసరి గసెట్ ప్లేట్లు పెట్టించాను. అవి సరిపోతాయా, ఇంకా బలం కావాలా అన్నది లెక్కగట్టి చెప్పాల్సింది నా అనుభవం కాదు, ఆ చదువు చదివిన ఇంజినీరు. అలాంటి ఇంజినీరు ముందుకు ఒకే ఒక్క బండిని, దాన్ని తయారుచేసిన మనిషిని తీసుకెళ్లి నిలబెట్టే దారి మన దేశంలో లేదు. నా బాధంతా ఇదే.

కుర్రాడు కాగితాలన్నీ పట్టుకుని ఒక రవాణా కార్యాలయానికి వెళ్లాడు. పాత బండి ఆర్‌సీ, సామాన్ల బిల్లులు, పని జరుగుతున్నప్పుడు తీసిన ఫొటోలు అన్నీ ఉన్నాయి. అక్కడివాళ్లు మర్యాదగానే మాట్లాడారు. కొత్త బండి రిజిస్ట్రేషన్‌కి ఫారం 20తో పాటు డీలరు ఇచ్చే అమ్మకపు పత్రం ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలన్నారు. పొగ, భద్రత ప్రమాణాల ప్రకారం బండి ఉందని, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని తయారీదారు సంతకం పెట్టే కాగితం ఫారం 22. వాడు తిరిగొచ్చి నాతో, "బాబాయ్, తయారీదారు సంతకం కావాలంటున్నారు. చేసింది నేనే కదా, నేనే పెడతానంటే కుదరదంటున్నారు" అన్నాడు. కుదరదన్న మాట నిజమే. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం తయారీదారు ముందు తన బండి నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థల్లో పరీక్ష చేయించి టైప్ అప్రూవల్, అంటే ఆ నమూనాకు ఆమోదపత్రం, తెచ్చుకోవాలి. మనకి దగ్గరలో అయితే చెన్నై పక్కన ఒరగడంలో అలాంటి కేంద్రం ఉంది. కానీ ఆ పరీక్షల్లో కారును గోడకు గుద్ది చూసేవి కూడా ఉంటాయి. వేల కార్లు అమ్ముకునే కంపెనీకి నాలుగు కార్లు పగలగొట్టడం పెద్ద లెక్క కాదు. ఉన్నదే ఒక్క కారైతే, దాన్నే పగలగొట్టాక రిజిస్టర్ చేయడానికి ఏం మిగులుతుంది?

పోనీ, పాత మారుతీ ఆర్‌సీ మీదే మార్పు రాయించుకుందామంటే మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అడ్డం. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. చాసిసే మారిపోయిన బండికి అక్కడ చోటు లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా, మళ్లీ పట్టుబడితే 10,000 దాకా జరిమానా లేదా ఏడాది వరకు జైలు. కుర్రాడికి పెళ్లయింది, పిల్లలున్నారు. ఆ టెన్షన్ పెట్టుకోలేక బండికి టార్పాలిన్ కప్పేశాడు.

మా ఆటోనగర్‌లో దశాబ్దాలుగా జరుగుతున్న పని ఒకటి ఇక్కడ చెప్పాలి. లారీ అంటే కంపెనీ నుంచి మొత్తం తయారై వచ్చేది కాదు. వెనకటి రోజుల్లో ఉత్త చాసిస్ వచ్చేది. క్యాబిన్ లేదు, ముందు అద్దం లేదు. డ్రైవరు మొహానికి తుండు చుట్టుకుని, ఒక చెక్క సీటు మీద కూర్చుని వందల కిలోమీటర్లు నడుపుకొచ్చేవాడు. ఇక్కడ కార్పెంటరు చెక్క కోసి, టింకరింగ్ మేస్త్రి రేకు కొట్టి, పెయింటరు పువ్వులేసి దాన్ని లారీ చేసేవాళ్లు. బాడీ పూర్తయ్యేదాకా టీఆర్ నంబరు, అంటే తాత్కాలిక నంబరు. బండి బాడీ షెడ్డులోనే ఉండిపోతే ఆ గడువు పొడిగించుకోవచ్చని అప్పటి చట్టంలోనే 43వ సెక్షన్‌లో రాసి ఉండేది. తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి కొలతలు చూసి సంతకం పెడితే నంబరు. బాడీ కట్టినవాడి సంతకం కోసం ఫారం 22-ఎ అని ప్రత్యేకంగా ఉంది. రాను రాను బస్సు బాడీకి, లారీ బాడీకి ప్రమాణాలు రాశారు, కట్టేవాళ్లకు గుర్తింపు ఉండాలన్నారు. మంచిదే, దానివల్ల పనిలో నాణ్యత పెరిగింది. నలభై మంది ప్రయాణించే బస్సు బాడీని కంపెనీ బయట కట్టినా పరీక్షించి నమ్మగలిగిన చట్టానికి, ఇద్దరు కూర్చునే కారును పరీక్షించి నమ్మడం చేతకాదా?

ఈ ప్రశ్న నాలో గట్టిపడింది ఇంగ్లండ్‌లో. మా అమ్మాయి, అల్లుడు గారు కోవెంట్రీలో ఉంటారు. అల్లుడు గారు ఇంటి వెనక గ్యారేజీలో రెండేళ్లుగా ఒక కిట్ కారు కడుతున్నారు. ట్యూబుల ఫ్రేము, ప్యానెళ్లు కిట్‌గా కొన్నారు. ఇంజిన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ ఒక పాత మాజ్దా ఎంఎక్స్-5లోంచి తీసి వేశారు. మేము వెళ్లేసరికి వైరింగు, బ్రేకు పైపుల పని మిగిలింది. ఆ పైపులు నేను వంచి పెట్టాను.

అక్కడ ఇది కొత్త సంగతి కాదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న కారును విడిభాగాలుగా కూడా అమ్మేవారు. తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది, భాగాలు కొనుక్కుని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. అలా ఇంటి గ్యారేజీల్లో కార్లు బిగించుకునే అలవాటు ఊరూరా పాకింది. 1973లో పన్నుల పద్ధతి మారి ఆ లాభం పోయినా అలవాటు పోలేదు. ప్రభుత్వం దాన్ని నిషేధించలేదు. 1998లో ఒక్కొక్క బండిని విడిగా పరీక్షించే పద్ధతి తెచ్చింది. 2009లో దాన్ని ఇంకా కట్టుదిట్టం చేసి, ఐవీఏ అని పేరు పెట్టింది. అమ్మకానికి కాకుండా తనకోసం కట్టుకున్నవాడికి అందులో ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది.

ఆ పరీక్ష చాలా కఠినం, నేను పక్కన నిలబడి చూశాను. పరీక్షించే అధికారి చేతిలో వంద మిల్లీమీటర్ల గుండు ఒకటి ఉంటుంది. దాన్ని బండి ఒంటి మీద అంతటా ఆనించుకుంటూ పోతాడు. ఆ గుండుకు తగిలే ప్రతి అంచూ కనీసం రెండున్నర మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలి. ఎందుకంటే, రేపు ఆ బండి తగిలి ఎవరైనా పడితే ఒళ్లు కోసుకుపోకూడదు. హెడ్‌లైటు పట్టుకున్న బ్రాకెట్టు దగ్గర గుండు ఆగింది. చూడ్డానికి నున్నగానే ఉంది, గేజి పెడితే చాల్లేదు. రాసుకున్నాడు. తర్వాత బండిని మలుపు తిప్పి స్టీరింగ్ వదిలితే చక్రాలు వాటంతటవి తిన్నగా రావాలి. బరువు తక్కువ కారు కావడంతో సగం దాకా వచ్చి ఆగాయి. అదీ రాసుకున్నాడు. బ్రేకులు, సీటు బెల్టు బోల్టులు, అద్దాల్లో ఎంత మేర కనబడుతుంది, సైలెన్సర్ చప్పుడు అన్నీ చూశాడు. స్పీడోమీటరు అసలు వేగం కన్నా ఒక్క మైలు కూడా తక్కువ చూపించకూడదు. పొగ పరీక్ష ఆ ఇంజిన్ ఏ కాలం నాటిదో ఆ కాలపు ప్రమాణానికి. పూట గడిచాక ఏం తప్పాయో కాగితం మీద రాసి ఇచ్చాడు. అల్లుడు గారు ఏమీ నొచ్చుకోలేదు. ఇంటికి తెచ్చి బ్రాకెట్టు అంచును ఆకురాయితో అరగదీసి, రబ్బరు బీడింగ్ పెట్టారు. నేను ముందు చక్రాల అలైన్‌మెంటు చూశాను. తప్పిన అంశాలు మళ్లీ చూపించుకుని పాసయ్యారు.

అప్పుడు అప్రూవల్ సర్టిఫికెట్ ఇచ్చారు. దానితో పాటు బిల్లులు, పని జరిగేటప్పటి ఫొటోలు, ఏ భాగం ఎక్కడిదో రాసిన ఫారం స్వాన్సీలోని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పంపారు. అక్కడ నంబరులోనే నిజాయితీ ఉంటుంది. భాగాలన్నీ కొత్తవైతే ఈ ఏటి నంబరు ఇస్తారు. పాత బండి భాగాలుంటే ఆ బండి వయసును బట్టి నంబరు. ఏ భాగం ఎక్కడిదో రుజువు లేకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు. ఆ ప్లేటు చూడగానే ఇది పుట్టుక తేలని బండి అని కొనేవాడికి, ఇన్సూరెన్సువాడికి, పోలీసుకీ తెలిసిపోతుంది. దొంగ బండ్ల భాగాలతో కార్లు కడతారేమో అన్న భయానికి వాళ్ల జవాబు ఇదీ. న్యూజిలాండ్‌లో కూడా ఇంట్లో కట్టిన బండికి ప్రభుత్వ రవాణా సంస్థ నియమించిన నిపుణులు చూసి పత్రం ఇస్తారు. ఆ నిబంధనలు రాయడంలో కార్లు కట్టేవాళ్లకీ చోటు ఉంది.

మన దగ్గర ఏం జరుగుతుందో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో కమ్మరి వృత్తి చేసే ఒకాయన సంగతి చూస్తే తెలుస్తుంది. 2021 డిసెంబరులో ఆయన తుక్కు సామానుతో, కిక్ కొడితే స్టార్టయ్యే చిన్న జీపు కట్టిన వీడియో దేశమంతా చూసింది. ఆనంద్ మహీంద్రా గారు మెచ్చుకుని, నిబంధనలకు విరుద్ధం కాబట్టి అధికారులు ఎప్పటికైనా ఆ బండిని ఆపేస్తారంటూ, దాని బదులు బొలెరో ఇస్తానన్నారు, ఇచ్చారు. ఆయనది పెద్ద మనసు. కానీ ప్రతి మేస్త్రికీ ఒక పెద్దమనిషి దొరకడు. మన హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం ఉంది. క్రికెట్ బ్యాటు, వంకాయ, కెమెరా ఆకారాల్లో చేత్తో చేసిన కార్లు అక్కడ ఉన్నాయి. చేతిపనిలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరని ఒక్కసారి వెళ్లి చూస్తే తెలుస్తుంది. మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు 2007 నుంచి జరుగుతున్న బాహా పోటీలకు రాత్రింబవళ్లు కూర్చుని బగ్గీలు కట్టి తీసుకెళుతున్నారు. పోటీ అయ్యాక ఆ బండి వర్క్‌షాపు మూలకు చేరుతుంది. ఒక్క బండిని భద్రంగా డిజైన్ చేసి, పరీక్షకు పెట్టి, లోపాలు దిద్ది, రోడ్డు మీదికి తేవడం వరకు మొత్తం పని ఒక్కసారి చేసిన పిల్లవాడికి ఏ కంపెనీ అయినా ఉద్యోగం ఇస్తుంది.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, ఇంకా ఈ ఇంటి బండ్లు కూడానా అని అడిగేవాళ్లుంటారు. ఆ మాట తేలిగ్గా తీసుకునేది కాదు. హైవే మీద నుజ్జయిన క్యాబిన్లలోంచి డ్రైవర్లను గ్యాస్ కట్టర్‌తో కోసి తీసిన చేతులివి. అందుకే చెబుతున్నాను. పరీక్ష లేదని ఇంటి బండ్లు కట్టడం ఆగలేదు. పొలం దారుల్లో, ఊళ్ల మధ్య రోడ్ల మీద, పవర్ టిల్లర్ ఇంజిన్లు బిగించిన బండ్లు, ఏ నంబరూ లేని జీపులు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. వాటి బ్రేకులు ఏ ఇన్‌స్పెక్టరూ చూడలేదు. అలాంటి బండి కింద పడి ఒక కూలీ కాలు పోతే, ఇన్సూరెన్సు లేదు కాబట్టి ఆ ఇంటికి పరిహారం ఎవరిస్తారు? బండి కట్టినవాడి దగ్గర అమ్ముకోవడానికి ఆ బండి తప్ప ఏమీ ఉండదు. తలుపు మూసేయడం వల్ల భద్రత వచ్చిందనుకోవడం సరికాదు. ఎవరి కంటా పడకుండా తిరిగే బండే ఎక్కువ ప్రమాదం.

ప్రభుత్వం తలుచుకుంటే దారి వేయగలదనడానికి దాని పనులే సాక్ష్యం. యాభై ఏళ్లు దాటిన పాత కార్ల కోసం 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. వీఏ అనే అక్షరాలతో వేరే వరస నంబర్లు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల చెల్లుబాటు, రోజువారీ తిరగడానికీ వ్యాపారానికీ వాడకూడదన్న షరతు పెట్టారు. పెట్రోలు బండికి ఎలక్ట్రిక్ కిట్ బిగించుకోవడానికి 2016లోనే నిబంధనలు వచ్చాయి. దివ్యాంగుల కోసం మార్చిన బండ్లకు చట్టంలో చోటిచ్చారు. పాత కార్లను ప్రేమించేవారికి ఇచ్చిన గౌరవమే కొత్త బండిని సొంత చేతులతో కట్టేవాడికీ ఇవ్వమని అడుగుతున్నాను.

దీనికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు. టైప్ అప్రూవల్ తప్పనిసరి అని 2019 సవరణలో చేర్చిన 110-బి సెక్షన్‌లోనే, కేంద్రం మినహాయించిన వాహనాలకు అది అవసరం లేదన్న వెసులుబాటు ఉంది. ఒక నోటిఫికేషన్ చాలు. సొంతానికి కట్టుకునే మనిషికి కొన్నేళ్లకు ఒక్క బండే అని పరిమితి పెట్టండి. అయిదేళ్లు అమ్మకూడదనండి. కిరాయికి తిప్పకూడదనండి. వేగానికి హద్దు పెట్టండి. కట్టడం మొదలుపెట్టకముందే డ్రాయింగు ఇచ్చి అనుమతి తీసుకోమనండి, ఫ్రేము వెల్డింగు పూర్తయ్యాక రంగు వేయకముందు ఒకసారి చూపించమనండి. ఈ చివరిది నా సొంత ఆలోచన, బ్రిటన్‌లో లేదు. రంగు కింద వెల్డింగు ఎలా ఉందో ఎవరూ చెప్పలేరు, అందుకని అడుగుతున్నాను. బ్రేకులు, లైట్లు, పొగ చూడటానికి రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు వస్తున్న ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల యంత్రాలే పనికొస్తాయి. ఫ్రేము, స్టీరింగ్, సీటు బెల్టు బిగింపులు మాత్రం ఒరగడం లాంటి కేంద్రంలో ఇంజినీరు చూడాలి. ఫీజు ఎంతో చెబితే కడతాం. తప్పితే తప్పిందని, ఎందుకు తప్పిందో రాసి ఇమ్మనండి. దిద్దుకుని మళ్లీ వస్తాం. దిద్దుకోలేకపోతే ఆ బండి రోడ్డు మీదికి రాకూడదు, అందులో నాకు రెండో మాట లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలలో ఇంజినీరింగ్ చదివినవారున్నారు, వాహన వ్యాపారం తెలిసినవారున్నారు. వచ్చే సమావేశాల్లో ఒక్కరైనా కేంద్ర రవాణా శాఖను ఈ ప్రశ్న అడగాలి: సొంతానికి ఒక్క బండి కట్టుకున్న పౌరుడు దాన్ని పరీక్షకు ఎక్కడికి తేవాలి? సమాధానం లిఖితపూర్వకంగా వస్తే మీ పత్రికలో ప్రచురించండి. ఏదో ఒక కేంద్రం పేరు అందులో ఉంటే, మా కుర్రాడి బండిని ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్లే ఖర్చు నాది.

ఇట్లు,
ఆటోనగర్ మెకానిక్ ఒకరు,
విజయవాడ